మూతపడని కిటికీ: సటీక తాత్పర్యం

అవతారిక

వెబ్ పేజీలో ‘మూసివేయి’ అని ఒక బటన్ ఉండి, దానిని ఒకటికి నాలుగుసార్లు నొక్కినా కిటికీ మూతపడక, పొరపాటు జరిగినట్టు తెరమీద ఏ జాడా కనిపించక, ప్రోగ్రామరు చివరికి విసిగి ఎఫ్12 కీ నొక్కి డెవలపర్ టూల్స్ తెరిచినప్పుడు, కన్సోల్‌లో పసుపు పట్టీ మీద ఒకే ఒక్క వాక్యం దర్శనమిస్తుంది. డెవలపర్ టూల్స్ అంటే పేజీ లోపలి కట్టుబడిని, అది నడిపే ప్రోగ్రామును, తెప్పించుకునే ఫైళ్లను విప్పి చూపే పనిముట్ల పెట్టె. కన్సోల్ ఆ పెట్టెలో హెచ్చరికలు, ఫిర్యాదులు నమోదయ్యే అర. ఈ పసుపు గడపకు రాసే పసుపులా శుభసూచకం కాదు గాని, ఎరుపంత అశుభమూ కాదు. ఎర్ర పట్టీ ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయిందని చెబుతుంది, పసుపు పట్టీ కోరిక తిరస్కరించామని మాత్రం చెప్పి, తక్కిన ప్రోగ్రామును ముందుకు సాగనిస్తుంది. అందువల్లనే ఆపదలను పట్టుకోవడానికి ప్రోగ్రామరు ముందుజాగ్రత్తగా పన్నిన ట్రై, క్యాచ్ వలలో ఈ తిరస్కారం పడదు.

మెతుకుసీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ప్రస్తుత టీకా మొదటి నియమాన్ని పాటించడానికి ప్రయత్నిస్తుంది. రెండవ నియమం పాటించడం కష్టం, ఎందుకంటే ఇక్కడి మూలకర్త అక్కర ఉన్నదానిని సగం చెప్పి ఊరుకున్నాడు.

మూలం

స్క్రిప్ట్స్ మే క్లోజ్ ఓన్లీ ద విండోస్ దట్ వర్ ఓపెన్డ్ బై దెమ్.

పాఠభేదాలు

పై పాఠం క్రోమ్ బ్రౌజర్‌లోది. పాత క్రోమ్ ప్రతులలో చివరి పదం ‘దెమ్’ కాదు, ‘ఇట్’. స్క్రిప్ట్స్ అని బహువచనంతో ఎత్తుకుని, ఇట్ అని ఏకవచన సర్వనామంతో దించడం వచనదోషమే అయినా, బ్రౌజరు పలికింది కనుక ఆర్షప్రయోగమని సరిపెట్టుకున్న ప్రోగ్రామర్లు ఆ పాఠాన్నే యథాతథంగా చూపి ఒకరినొకరు పరిష్కారం అడుగుతూ వచ్చారు. తరువాతి పరిష్కర్తలు దానిని ‘దెమ్’గా సవరించారు, వ్యాకరణం చక్కబడింది, కిటికీ మాత్రం అప్పటిలాగే మూతపడలేదు.

ఫైర్‌ఫాక్స్ పాఠం వేరు: స్క్రిప్ట్స్ మే నాట్ క్లోజ్ విండోస్ దట్ వర్ నాట్ ఓపెన్డ్ బై స్క్రిప్ట్. రెండు నిషేధాలు ఒకే వాక్యంలో ఎదురెదురుగా కూర్చోవడం వల్ల చదవడానికి ఇది క్లిష్టమే గాని, అర్థం విషయంలో ఇదే మేలైన పాఠమని చెప్పాలి. క్రోమ్ పాఠంలోని ‘దెమ్’ను ఉన్నదున్నట్టు తీసుకుంటే, ఏ స్క్రిప్టు తెరిచిందో ఆ స్క్రిప్టే మూయాలన్న భ్రమ కలుగుతుంది. వాస్తవానికి ఒక పేజీ తెరిచిన చిన్న కిటికీని, ఆ కిటికీలోని సొంత స్క్రిప్టు తానే మూసుకోగలదు. తెరిచింది తల్లి, మూసుకున్నది బిడ్డ. కనుక ఇక్కడ ‘దెమ్’ను వ్యక్తివాచకంగా కాక జాతివాచకంగా, అనగా ‘స్క్రిప్టు జాతికి చెందిన ఏదో ఒకటి’ అని గ్రహించాలి. ‘బై స్క్రిప్ట్’ అన్న ఫైర్‌ఫాక్స్ ఈ చిక్కును అసలు రానివ్వలేదు.

ప్రతిపదార్థం

స్క్రిప్ట్స్ = పేజీతో పాటు దిగుమతి అయి బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు; నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో తొలి రూపమిచ్చిన భాష ఇది.

మే = అనుమతి కలిగియున్నవి. శక్తిని చెప్పే ‘కెన్’ వాడక అనుమతిని చెప్పే ‘మే’ వాడడం ఈ వాక్యంలోకెల్లా ఔచిత్యవంతమైన ప్రయోగం. స్క్రిప్టు ఆగిపోయినది ఓపిక లేక కాదు, సెలవు లేక.

క్లోజ్ = విండో.క్లోజ్ అనే ఆదేశంతో మూయుట.

ద విండోస్ = కిటికీలను. ఈ పదానికి నానార్థాలు ఉండడమే జావాస్క్రిప్టులో సగం తిప్పలకు మూలం. తెరమీది చట్రం ఒక విండో. ఆ చట్రంలోని ఒక్కొక్క ట్యాబు ఒక విండో. పేజీ మధ్యలో పొదిగిన ఐఫ్రేమ్ అనే చిన్న పేజీకీ తనదైన విండో ఉంటుంది గాని, అది తన్ను తాను మూసుకోమని ఎంత అడిగినా ఏమీ జరగదు, ఎందుకంటే మూతపడే యోగ్యత అన్నిటికంటె పైనున్న విండోకే ఉంది. ఇవి చాలవన్నట్టు, పేజీలోని సార్వత్రిక చరరాశులన్నిటికీ, అనగా ఏ ఫంక్షనులోనూ చేర్చక పైపైన ‘వార్’ అని ప్రకటించిన పేర్లన్నిటికీ, నివాసస్థానం కూడా విండో అనే వస్తువే. ఆ ఇంట్లో ముందే కాపురమున్న గుణాలలో ‘నేమ్’ ఒకటి. అది విండో పేరును దాచుకునే గుణం కనుక తనలో ఏది పెట్టినా అక్షరమాలగా, అనగా స్ట్రింగుగా మార్చేస్తుంది. ఈ సంగతి తెలియని ప్రోగ్రామరు వార్ నేమ్ అని ప్రకటించి అందులో రాముడు, సీత అని రెండు పేర్ల జాబితా ఉంచి, తరువాత మొదటి అంశాన్ని అడిగితే, రాముడు రాడు. జాబితా కాస్తా కామాతో అతికిన ఒకే మాలగా మారిపోయి ఉంటుంది, దానిలో మొదటి అక్షరసంకేతం దీర్ఘమైనా లేని ‘ర’ మాత్రమే. కన్సోల్‌లో ఈ ‘ర’ను చూసి ఫాంటు దోషమని తలచిన తెలుగు ప్రోగ్రామరును తప్పుపట్టలేం. లెట్ అని ప్రకటించినా, ఫంక్షను లోపల ప్రకటించినా ఈ అనర్థం తొలగుతుంది.

దట్ వర్ ఓపెన్డ్ = తెరువబడినట్టి. కర్మణి ప్రయోగం. తెలుగుకు కర్మణి అంతగా రుచించదు. ‘నాచేత అన్నం తినబడింది’ అంటే పక్కవాడు నవ్వుతాడు. అయినా ఇక్కడ ‘స్క్రిప్టు తెరిచిన’ అని కర్తరిలోకి మారిస్తే, తెరిచినవాడెవడన్న ప్రశ్నకు రావలసినంత బరువు రాదు.

బై దెమ్ = వాటిచేత. పైన చెప్పిన రీతిగా జాతివాచకం.

ఓన్లీ = మాత్రమే. ఇది ఏవకారం, అనగా తక్కినవాటన్నిటినీ తోసిపుచ్చే మాట. దీనిని చివరకు తీసుకోవడానికి కారణం, ఇది అబద్ధం కావడం.

ఆక్షేప సమాధానాలు

స్క్రిప్టు తెరిచినవి ‘మాత్రమే’ మూయదగినవైతే, వాడుకరి తన చేత్తో తెరిచిన ట్యాబును స్క్రిప్టు ఎన్నడూ మూయరాదు కదా. కాని మూస్తున్నదే, అని ఆక్షేపం. దీని నిజానిజాలు రెండు నిమిషాల్లో తేలతాయి. ఒక పేజీలోని లింకును కంట్రోల్ కీ అదిమిపట్టి నొక్కితే అది కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది. అక్కడి ‘మూసివేయి’ బటన్ నొక్కితే ట్యాబు చక్కగా మూతపడుతుంది. మళ్లీ అదే విధంగా తెరిచి, ఈసారి ఆ పేజీలోని ‘వివరాలు’ అనే లింకు మీదుగా రెండవ పేజీకి వెళ్లి, అక్కడి ‘మూసివేయి’ నొక్కితే ట్యాబు కదలదు, మెదలదు. కన్సోల్‌లో మాత్రం పసుపు పట్టీ పడుతుంది. తెరిచిన చేయి రెండుసార్లూ ఒకటే, ఆదేశమూ ఒకటే.

సమాధానం ఏమంటే, హెచ్‌టీఎంఎల్ ప్రమాణం మూయదగిన కిటికీలను రెండు రకాలుగా చెప్పింది: స్క్రిప్టు పుట్టించినవి కొన్ని, చరిత్రలో ఒకే ఒక్క మెట్టు ఉన్నవి కొన్ని. చరిత్ర అంటే ఇక్కడ ఇప్పుడున్న పేజీతో సహా, వెనక్కి, ముందుకు బాణాలు నొక్కితే వెళ్లగలిగిన పేజీల వరుస. వాడుకరి ఆ ట్యాబులో ఇంకా ఎక్కడికీ పోలేదు కనుక దానిని మూసినా ఆయన పోగొట్టుకునేదేమీ లేదని ప్రమాణకర్తల ఊహ. రెండవ పేజీకి అడుగు వేయగానే, నడిచి వచ్చిన దారి ఆయన సొత్తు అవుతుంది. ఊహ సమంజసమే. మూలవాక్యం మాత్రం ఈ రెండవ రకాన్ని పూర్తిగా మింగి ‘ఓన్లీ’ అన్నది కనుక, లక్షణం లక్ష్యమంతటికీ చాలని అవ్యాప్తి దోషం దానికి తప్పదు. ఈ దోషానికి మూల్యం చెల్లించేది పరీక్షకుడు: ఆయన పేజీని నేరుగా కొత్త ట్యాబులో తెరిచి, బటన్ నొక్కి, మూతపడిందని సంతకం చేస్తాడు, వాడుకరి నాలుగు పేజీలు దాటి అక్కడికి వస్తాడు.

పూర్వం కొందరు దీనికొక దత్తత మార్గం కనిపెట్టారు. విండో.ఓపెన్ ఆదేశానికి చిరునామా ఇవ్వకుండా, లక్ష్యంగా ‘సెల్ఫ్’ అని, అనగా తన కిటికీనే చూపి, వెంటనే క్లోజ్ అనేవారు. తనను తానే తెరుచుకున్నట్టు నటించి తనకు తానే తల్లి అయ్యే ఉపాయమిది. ఒకప్పుడు ఇది చెల్లింది. ఇప్పటి బ్రౌజర్లు ఇలాంటి దత్తతను గుర్తించవు.

ద్రష్టృ విచారం

ఇక ఈ వాక్యాన్ని చూపిన డెవలపర్ టూల్స్ సంగతి. మూలంలో దాని ప్రస్తావన లేదు గాని, చూసేవాడు చూడబడేదానిని ఎంత మారుస్తాడో తేల్చకుండా పై విచారణకు ప్రామాణ్యం రాదు.

ముందు కిటికీ తెరిచే సంగతి. ‘ఓపెన్డ్ బై’ అన్నచోట అసలు ప్రశ్న, తెరిచింది ఎవరి వేలు అన్నది. 1990ల చివర ట్రైపాడ్ అనే సంస్థలో ఈథన్ జుకర్‌మన్ ప్రకటనను వేరే కిటికీలో తెరిచే ప్రోగ్రాము రాశాడు, అదే పాపప్. దానికి ఆయన 2014లో బహిరంగంగా క్షమాపణ కోరాడు. ఈ మధ్యలో పాపప్‌లు తెరలను ముంచెత్తగా, 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు సైతం వాటిని అడ్డుకోసాగింది. నేటి నియమం ప్రకారం, వాడుకరి క్లిక్ చేసిన కొద్ది క్షణాలలోపే స్క్రిప్టు కిటికీ తెరవాలి. క్రోమ్‌లో ఆ గడువు 5 సెకన్లు. గడువు దాటితే విండో.ఓపెన్ కిటికీకి బదులు ‘నల్’ను, అనగా శూన్యాన్ని తిరిగి ఇస్తుంది. క్లిక్ కాగానే సర్వరును అడిగి, జవాబు వచ్చాక కిటికీ తెరిచే ప్రోగ్రాము, సర్వరు పక్క గదిలోనే ఉన్న ఆఫీసులో నిక్షేపంగా పనిచేసి, సిగ్నల్ ఒక గీతకు దిగిన ఊళ్లో విఫలమవడం ఇందువల్లనే. క్లిక్ కాగానే ఖాళీ కిటికీ తెరిచి ఉంచుకుని, జవాబు వచ్చాక దానికి చిరునామా ఇవ్వడమే దీనికి మందు.

ఈ వైఫల్యాన్ని శోధించడానికి ప్రోగ్రామరు అదే విండో.ఓపెన్ ఆదేశాన్ని కన్సోల్‌లో టైపు చేసి ఎంటర్ నొక్కితే కిటికీ టక్కున తెరుచుకుంటుంది. ఆదేశం మంచిదే, దోషం మరెక్కడో ఉందని ఆయన తీర్మానిస్తాడు, అది తప్పు. క్రోమ్ కన్సోల్ తనలో టైపు చేసిన దానిని వాడుకరి చేతితో చేసిన పనిగానే లెక్కిస్తుంది. సెట్టింగులలో దానికొక టిక్కు పెట్టె ఉంది, అది ముందునుంచే టిక్కుతో ఉంటుంది. సాక్షి వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్లిన పోలీసే సాక్షికి మాట అందించినట్టు.

వెడల్పు సంగతి ఇంకొకటి. 1366 పిక్సెళ్ల ల్యాప్‌టాప్ తెరమీద టూల్స్‌ను కుడివైపు 600 పిక్సెళ్ల మేర అతికిస్తే పేజీకి మిగిలేది 766. 768కి లోపల ఫోను రూపం ధరించాలని రాసి ఉన్న పేజీ వెంటనే ఫోను రూపం ధరిస్తుంది, వెతకబోయిన మెనూ మాయమవుతుంది. టూల్స్‌ను విడి కిటికీగా ఊడదీస్తే మెనూ తిరిగి వస్తుంది. ఇంతకంటె చికాకైనది చూపు తగిలితే ముడుచుకునే పెట్టెల వ్యవహారం: వెతుకుడు గడిలో అక్షరం కొట్టగానే కింద రాలే సూచనల జాబితాను పరిశీలిద్దామని టూల్స్‌లో క్లిక్ చేయగానే, పేజీ ఫోకస్ కోల్పోయి, అనగా కీబోర్డు ధ్యాస దానిమీదినుంచి తొలగి, జాబితా ముడుచుకుపోతుంది. అత్తిపత్తి ఆకు నయం, అది మళ్లీ విచ్చుకుంటుంది. దీనికి రెండు ఉపాయాలు. టూల్స్‌లోని రెండరింగ్ ప్యానెల్‌లో పేజీకి ఫోకస్ ఉన్నట్టే నటింపజేసే ఎంపిక ఒకటుంది. అది తెలియకపోతే, 5 సెకన్ల తరువాత ‘డిబగ్గర్’ అనే ఆదేశం నడిచేలా కన్సోల్‌లో గడువు పెట్టి, ఆలోగా జాబితాను తెరిచి కూర్చుంటే, పేజీ ఉన్నది ఉన్నట్టు స్తంభించిపోతుంది. డిబగ్గర్ కూడా టూల్స్ తెరిచి ఉంటేనే పనిచేస్తుంది, లేకుంటే లేనట్టే.

ఇట్టి దోషాలలో శిఖరప్రాయమైనది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 8, 9 ప్రతులది. వాటిలో టూల్స్ తెరిచేవరకు కన్సోల్ అనే వస్తువే పుట్టేది కాదు. ప్రోగ్రాములో మరచిపోయి వదిలేసిన ఒక్క కన్సోల్.లాగ్ అనే నమోదు ఆదేశం, లేని వస్తువును పిలిచి, స్క్రిప్టును అక్కడికక్కడే ఆపేసేది. ఫిర్యాదు రాగానే ప్రోగ్రామరు టూల్స్ తెరిచేవాడు. తెరవగానే కన్సోల్ పుట్టేది. పేజీ మళ్లీ తెప్పిస్తే అంతా సవ్యంగా నడిచేది. మూసి వెళ్లిపోయేవాడు. చూస్తే మాయమయ్యే ఇటువంటి దోషాన్ని హైసెన్‌బగ్ అంటారు. తెలుగింట దీనికి పేరు పెట్టకపోయినా, డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గే కడుపునొప్పి ఎవరికీ కొత్త కాదు.

తాత్పర్యం

వాడుకరి నడిచి వచ్చిన కిటికీని స్క్రిప్టు మూయరాదు. స్క్రిప్టు పుట్టించినదానిని, అడుగైనా కదలని దానిని మూయవచ్చు. ఏది ఏదో తేల్చుకోవడానికి కన్సోల్‌లో చేసిన ప్రయోగాన్ని ఒక్కదానినే నమ్మరాదు. ఈ అర్థం గ్రహించిన ప్రోగ్రామర్లు ‘మూసివేయి’ బటన్‌ను తీసివేసి, లాగిన్ పూర్తయ్యాకనో చెల్లింపు ముగిశాకనో వచ్చే చివరి పేజీలో ఒక వాక్యం మాత్రం రాసి ఉంచుతారు: ‘ఇక మీరు ఈ కిటికీని మూసివేయవచ్చు.’ ఇక్కడి ‘వచ్చు’ మూలంలోని ‘మే’యే. తనకు దొరకని సెలవును స్క్రిప్టు వాడుకరికి ఇచ్చి, తాను ఆ పేజీలోనే కూర్చుని ఉంటుంది.