నిప్పుంటేనే న్యాయం

కిళ్లీ కొట్టులో వేలాడే తాడు చివర నిప్పు రాజుతున్నంతకాలం మన ప్రభుత్వానికి ఏ బెంగా లేదు. బెంగల్లా నిప్పు లేని సిగరెట్టుతోనే. అందుకే 2019 సెప్టెంబరులో ఆగమేఘాల మీద ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఏడాదే చట్టం కూడా చేసి, ఈ-సిగరెట్టును దేశం పొలిమేర దాటించారు. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. మరి అసలు సిగరెట్టు అమ్మేవాడికి? జీఎస్టీ నంబరు.

పిల్లలు పాడవుతారన్నారు. ఒప్పుకుందాం. నికోటిన్ ఒకసారి పట్టుకుంటే వదలని సరుకే, పిల్లల చేతికి అది చేరకూడదు. కానీ పొగరాయుణ్ని కాటికి మోసుకెళ్లేది ప్రధానంగా ఆకు కాలితే వచ్చే విషాలు. ఆ కాలే సరుకును బడికి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం. నూట ఒకటో గజంలో కొట్టు పెట్టినవాడు ఆదర్శ పౌరుడు.

సర్కారు సంసారం చూడండి. ఆరోగ్య శాఖ పెట్టె మీద 85 శాతం జాగాలో పుండ్ల బొమ్మ వేయిస్తుంది. వాణిజ్య శాఖ గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి, ఒంగోలులో వేలంపాట నడిపిస్తుంది. మన ప్రాణాలకు బీమా చేసే ఎల్ఐసీకేమో సిగరెట్ల దిగ్గజం ఐటీసీలో పెద్ద వాటా. పాలసీదారు ఊదితే డివిడెండు, పోతే క్లెయిము!

స్వీడన్‌వాళ్లకు ఇంత తెలివి లేదు పాపం. స్నూస్ అనే పొగాకు పొట్లాన్ని పెదవి కింద పెట్టుకుని, సిగరెట్టును దాదాపు మరిచిపోయారు. (గుట్కా ప్రియులు సంబరపడొద్దు, అది వేరే విషం.) బ్రిటనైతే సిగరెట్టు మానేందుకు పది లక్షల మందికి వేప్ (ఈ-సిగరెట్టు) కిట్లు ఇస్తామని 2023లో ప్రకటించింది. ఆ కిట్టు శంషాబాద్‌లో దిగితే కస్టమ్స్‌వారి సొత్తు.

ఆరోగ్య మంత్రిగారికో మనవి. 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ గమ్ వంటి ప్రత్యామ్నాయ చికిత్సను మీ శాఖే చేర్చింది. బీడీ మానాలనుకునే కూలీకి మందుల షాపు మెట్లెక్కి ఆ గమ్ కొనే స్తోమత లేదు. జ్వరం బిళ్లలిచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దాన్నీ ఊరికే ఇప్పించండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఆర్డినెన్సు అసలే అక్కర్లేదు.