జమాఖర్చులో లేని చాకిరీ: ఒక మడచెట్టు ఆత్మకథ

నేను తెల్లమడ చెట్టును. కాకినాడ పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే కోరంగి మడ అడవి నా పుట్టిల్లు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నా మొదలు ముంచుతుంది, పాటుకు బురద తేలుతుంది. ఆ బురదలో గాలి ఆడదు. అందుకని నా వేళ్లు పెన్సిళ్లలా నేలలోంచి నిటారుగా లేచి ఊపిరి పీలుస్తాయి. తాగేది ఉప్పునీరే. ఎక్కువైన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తాను. మంచి ఎండలో నా ఆకును నాలుకకు ఆనించి చూడండి, మీకే తెలుస్తుంది.

1978లో ఇక్కడ 235 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అంతకుముందు మా కొమ్మలు వంటచెరుకు, ఆకులు గేదెలకు మేత. నరికి మోపు కడితే నాకో ధర. నిలబడి చేసే చాకిరీకి మాత్రం పైసా లేదు.

ఆ చాకిరీ ఏమిటంటారా? రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో కొట్టుకొచ్చి నా వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఒళ్లు కనబడదు, రెండు నల్లని కళ్లే కదులుతుంటాయి. పెద్ద చేపలు ఆ సందుల్లోకి దూరలేవు. రాలిన నా ఆకులు కుళ్లితే వాటిమీద బతికే పురుగూ పుట్రా ఆ పిల్లలకు తిండి. ఎదిగాక అవి సముద్రానికి మళ్లి వలలో పడతాయి. రేవులో పాటదారు కిలోకి ఇంతని అరుస్తాడు. పెంపకం ఖర్చు ఎవరిదో అడిగేవాడు లేడు. మండపీతదీ ఇదే కథ.

1990లలో రొయ్యల చెరువుల మోజు వచ్చింది. గోదావరి డెల్టాలో మావాళ్లెందరో చెరువు గట్ల పాలయ్యారు. తెల్లమచ్చ తెగులు తగిలేసరికి చెరువులు తవ్వినవాళ్లూ నష్టపోయారు. 1996 నవంబరులో పెనుతుపాను గోదావరి జిల్లాలను తుడిచిపెట్టింది, వెయ్యిమందికి పైగా పోయారు. గాలిని నేను ఆపలేను, నిజమే. అల జోరును మాత్రం తగ్గించగలను.

నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని అనుకోకండి. ఒడిశాలోని భితర్‌కనికలో మా బంధువులున్నారు. 1999 నాటి పెనుతుపాను తర్వాత పరిశోధకులు అక్కడి మూడు ఊళ్ల నష్టాన్ని లెక్కగట్టారు. మడ అడవి చాటున ఉన్న ఊళ్లో ఇంటికి సగటున 33 డాలర్లు. ఏ అడ్డూ లేని ఊళ్లో 44. మడ లేకుండా గట్టు మాత్రమే ఉన్న ఊళ్లో 153! డబ్బు పోసి కట్టిన గట్టు కన్నా కూలి అడగని చెట్టే నయమని తేలింది.

పోయిన అడవిని తిరిగి తేవడం అసాధ్యమేమీ కాదు. గోదావరి తీరంలో ఊరివాళ్లు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఎండిన పర్రలోకి పోటునీరు పారించారు. అక్కడ మళ్లీ మడ మొలిచింది. నీళ్ల దారి మూసేసి మొక్కలు నాటితే మాత్రం ఫలితం ఉండదు.

తీరంలో చెరువుకో, రోడ్డుకో, ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చే అయ్యలారా! లాభనష్టాలు వేసుకునేటప్పుడు నా చాకిరీని కూడా ఖర్చు పద్దులో రాయండి. అప్పటికీ నన్ను కొట్టడమే లాభమని తేలితే, అప్పుడు గొడ్డలి ఎత్తండి.