ఐదో విభక్తి దగ్గర మా బావ

మా బావకు పోలండ్ వీసా ఇంకా రాలేదు. పోలిష్ భాష మాత్రం సగం వచ్చింది. ఏ సగం అంటే, తోక సగం. మాటలు పెద్దగా తెలియవు గానీ, నేర్చినంత మేరకు ఏ మాటకు ఏ తోక తగిలించాలో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాడు.

బుగ్గారంలో గానీ, ఆ మాటకొస్తే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊళ్లో గానీ దేశం పోవడం కొత్త కాదు. ముందు బొంబాయి, భీవండి. తర్వాత దుబాయి, మస్కట్, సౌదీ. పోయినవాళ్లెవరూ అరబ్బీ వ్యాకరణం చదివి విమానం ఎక్కలేదు. 'మాఫీ', 'యల్లా', 'ఖల్లివల్లి' అనే మూడు మాటలతో ఏండ్లకేండ్లు నెట్టుకొచ్చి, ఇండ్లు కట్టి, బిడ్డల పెండ్లిళ్లు చేసినవాళ్లున్నారు. మా బావా సౌదీలో డ్రైవరుగా చేసినవాడే. కాకపోతే తిరిగొచ్చేటప్పుడు అందరూ కంబళ్లు, అత్తరు సీసాలు తెస్తే, ఈయన ఒక బాధ తెచ్చుకున్నాడు: "అరబ్బీకి శానా పెద్ద వ్యాకరణమున్నదట బామ్మర్ది. మనోళ్లు ఒక్కలన్న పట్టిచ్చుకోలే."

ఇప్పుడు గాలి పోలండ్ వైపు మళ్లింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక పోలండ్ వాళ్లు పెద్ద ఎత్తున బ్రిటన్‌కు పనికి పోయారు. వాళ్ల గోదాముల్లోకి ఇప్పుడు నేపాల్ వాళ్లు, మనవాళ్లు పోతున్నారు. ఏజెంటు వచ్చి వివరాలు చెప్పినప్పుడు అందరూ జీతమెంత, రూమ్ ఎవరిస్తరు అని అడిగారు. మా బావ "విభక్తులెన్ని?" అని అడిగాడు. అదేదో కాగితం అనుకున్న ఏజెంటు "అన్ని మేమే చేపిస్తం అన్నా, నువ్వు రంది పెట్టుకోకు" అన్నాడట.

ఈ పిచ్చికి మూలం పదో తరగతి. లెక్కల్లో తప్పాడు గానీ, 'డు ము వు లు' దగ్గర మొదలుపెట్టి సంబోధన దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి తెలుగు సారుతో శభాష్ అనిపించుకున్నాడు. ఇప్పటికీ ఆ శభాషు మీదే బతుకుతున్నాడు. నా పెండ్లి శుభలేఖ ప్రూఫు వచ్చిన రోజు, పెద్దమనుషులందరి ముందు ఎర్ర పెన్ను తీసి, 'గారి' ఉండాల్సిన చోట 'గారు' పడిందని ప్రెస్సుకు తిప్పి పంపించాడు. లగ్గం అయిన నాలుగో రోజున కార్డులు వచ్చాయి. రెండు కట్టలు ఇంకా మా అటక మీదున్నాయి, ఒక్క విభక్తి దోషం లేకుండా.

పోలిష్‌లో విభక్తులు ఏడు. "మనకు ఎనిమిది. ఒకటి తక్కువనే గదా" అని బావ ధైర్యంగా దిగాడు. తక్కువైంది మన పంచమి. పని మాత్రం ఎక్కడికీ పోలేదు, షష్ఠి నెత్తిన పడింది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో కి, కు, యొక్క, లో, లోపల అన్నిటినీ షష్ఠిలో కుక్కి ఉమ్మడి కుటుంబం చేసిపెట్టాడు కదా, పోలిష్ షష్ఠి అంతకన్నా గంపెడు మోస్తుంది. వాళ్ల వరుసలో అది రెండోది. ఫలానావాడిది అనాలన్నా అదే, ఊరి నుంచి వచ్చానన్నా అదే, ఊరికి పోతానన్నా అదే. ఏదైనా లేదని చెప్పాలన్నా అదే. టైమ్ ఉందంటే 'మామ్ చాస్', లేదంటే 'న్యె మామ్ చాసు'.

"ఉన్నదానికో రూపం, లేనిదానికో రూపం. ఎంత మర్యాద చూడు" అంటాడు బావ.

"లగ్గమైనకాడికెల్లి నేను రెండోదే ఇంటున్న" అంటుంది అక్క, చాటలోంచి తలెత్తకుండా.

ఆ బీడీల చాట దగ్గరే అసలు క్లాసు. అక్క తడిపిన తునికాకును కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కడుతుంది. 25 అయితే ఒక కట్ట. బావ పక్కన కూర్చుని లెక్క ఎత్తుకుంటాడు. పోలండ్‌లో బీడీ ఎవరికి తెలుసు, అందుకని సిగరెట్టు. 1 అయితే పాప్యెరొస్. 2, 3, 4 పాప్యెరొసి. 5 రాగానే షష్ఠి దిగుతుంది, పాప్యెరొసుఫ్. అదే తోక 21 దాకా. హమ్మయ్య అనుకునేలోపు 22 దగ్గర మళ్లీ పాప్యెరొసి. 23, 24 అంతే. 25కు తిరిగి పాప్యెరొసుఫ్. మరి 12కు ఎందుకు మారలేదని అడగకూడదు. "ఒక్క కట్టల మొత్తం వ్యాకరణమున్నది!" అని బావ తొడ చరిచాడు. చెయ్యి చాటకు తగిలి బీడీలు చెల్లాచెదురయ్యాయి. అక్క మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది, తోకలు లేకుండా.

సిగరెట్టుకు ఇంకో వైభవం కూడా ఉంది. మనం 'అన్నం తిన్న' అంటాం, 'పిల్లగాన్ని కొట్టిన' అంటాం. ప్రాణమున్నదానికే ని, ను తప్పనిసరి. పోలిష్‌లో మగమాటలకు దాదాపు ఇదే పద్ధతి: బల్లకు తోక రాదు, కుక్కకు వస్తుంది. అయితే సిగరెట్టు, అరటిపండు, టమాట కూడా కుక్కతోపాటే నిలబడతాయి. ఇది చెప్పి బావ కాసేపు మాట్లాడలేదు. ఆ వారమే పక్క ఊరికి సౌదీ నుంచి ఒక పెట్టె వచ్చింది, ఆరు వారాలు ఆగి. "ఆడ టమాటకు గూడ పాణమున్నట్టు లెక్క" అన్నాడు మెల్లగా. ఆయన మీద నాకు కోపం నిలవనిది ఇలాంటప్పుడే.

మర్నాటికి మళ్లీ మామూలే. ఊళ్లకు లింగాలు పంచడం మొదలుపెట్టాడు. వార్సాను అక్కడ వర్షావా అంటారు, 'ఆ'తో ముగుస్తుంది కాబట్టి ఆడ ఊరు. ఆ లెక్కన కోరుట్ల, సిరిసిల్ల ఆడపడుచులు. జగిత్యాల దగ్గర చిక్కొచ్చింది: బస్టాండులో తెలుగు అక్షరాల ప్రకారం ఆడది, ఇంగ్లీషు అక్షరాల ప్రకారం మగాడు. బుగ్గారం గురించి అనుమానమే లేదు, ఆమ్‌స్టర్‌డామ్ ఎలా నడుస్తుందో అలాగే నడుస్తుంది. బుగ్గారం నుంచి వచ్చాననాలంటే 'జ్ బుగ్గారము'. ఆ 'ము' వినగానే ఆయన కండ్లల్లో నీళ్లు. "మనం ఇడిసిపెట్టిన ము! పోలండోళ్లు కాపాడుతున్నరు బామ్మర్ది!"

నేను నవ్వుతూనే ఉంటాను. కానీ కిరాణా కొట్లో నాలుగు గుడ్లు అడగబోయి, ఐదైతే తోక మారుతుంది కదా అని ఒక్క క్షణం ఆగుతున్నది కూడా నేనే.

ఇంతటి మనిషీ ఐదో విభక్తి దగ్గర ఆగిపోయాడు. మన 'తో', 'చేత' అక్కడుంటాయి. చిక్కేమిటంటే, నేను ఫలానా పనివాణ్ని అని చెప్పుకోవడానికీ అదే కావాలి. 'యెస్తెమ్ క్యెరొఫ్త్సొన్', అంటే డ్రైవరుతో ఉన్నాను అన్నట్టు. "నువ్వు డ్రైవర్‌వా, డ్రైవర్‌తోని పోతున్నవా?" అని అక్క. పైగా ఆ మాట అసలు రూపం 'ఆ'తో ముగుస్తుంది గనుక మీసమున్న డ్రైవరు కూడా ఆడమాటల వరుసలోనే నడవాలి. బతుకంతా స్టీరింగు పట్టినవాడు తాను డ్రైవర్నని చెప్పుకోలేక మూలుగుతున్నాడు.

మొన్న మా వాడకట్టు పిల్లగాడు పోలండ్ నుంచి వీడియో కాల్ చేశాడు. పుస్తకం ముట్టుకోకుండానే పోయి, గోదాములో కుదురుకున్నవాడు. బావ ఫోన్ గుంజుకున్నాడు.

"ఐదు డబ్బాలు కావాలంటే ఏమంటవ్‌రా?"

"ఏమనను కాకా. ఐదేళ్లు సూపెడ్త."

"ఇరవై రెండైతే?"

"రెండు చేతులు రెండుసార్లు, ఆయింత రెండేళ్లు. ఆడ సగం మంది నేపాలోళ్లే, హిందీల నడుస్తది. అది సరే గని, నీ వీసా ఏడిదాక అచ్చింది కాకా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఐదో విభక్తి కాడ ఆగింది రా."