వైరు తెగితే బండి మూలన పడేసేవాళ్లం కాదు

మా రోజుల్లో స్కూటర్ యాక్సిలరేటర్ వైరు తెగితే ఎవరూ బెంబేలెత్తేవారు కాదు. హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ రోడ్డులోనో, అబిడ్స్ సందుల్లోనో ఏదో ఒక చెట్టు కింద ఒక ఉస్తాద్ ఉండేవాడు. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, గ్రీజు డబ్బా. అదే ఆయన వర్క్‌షాపు. ఇప్పుడు నెత్తి మీద మెట్రో రైలు పోతోంది గానీ, కింద బండి ఆపి ఇంజన్ మీది డొప్ప విప్పుదామంటే జానెడు చోటు దొరకదు.

వైరు మార్చడం ఎంతసేపు అనుకునేవాళ్లకు చెప్పాలి. బజాజ్ చేతక్‌నే తీసుకోండి, అది 1972లో వచ్చింది. దాని మూలం ఇటలీ వెస్పా. 1946 నాటి ఆ వెస్పాను గీసిన కొర్రాదినో దస్కానియో విమానాల ఇంజినీరు. ఇంజన్ వెనక పెట్టి, దాన్ని రేకుతో కప్పేశాడు. చూడ్డానికి ముచ్చటే, కష్టమంతా చెయ్యి పెట్టినవాడిది. చేతక్‌లో కుడి పిడి తిప్పితే హ్యాండిల్ లోపలి పుల్లీ వైరును లాగుతుంది. ఆ వైరు ముందు రేకు వెనకగా దిగి, కాళ్లు పెట్టుకునే చోటు గుండా పోయి, కుడి డొప్ప కింద కార్బురేటర్ దగ్గర తేలుతుంది. మధ్యలో ఎక్కడా కంటికి ఆనదు.

ఉస్తాద్ ముందు హ్యాండిల్ మీది మూత విప్పి, స్పీడోమీటర్ వైరు ఊడదీసేవాడు. వైరు పైతొడుగు, అంటే ఔటర్, బాగుంటే దాన్ని ముట్టుకోడు, లోపలి తీగ ఒక్కటే మార్చేవాడు. ఔటర్ కూడా పోయిందా, పాతదాన్ని గుంజి పారేయడు. దాని తోకకు గట్టి దారం కట్టి అప్పుడు లాగేవాడు. పాతది బయటికొస్తే దారి పొడుగునా దారం మిగులుతుంది. కొత్తదాన్ని ఆ దారానికే కట్టి లోపలికి లాగేవాడు. కొత్త తీగకు రెండు వేళ్ల మధ్య గ్రీజు పట్టిస్తూ కొంచెం కొంచెంగా తోసేవాడు. ఎక్కడైనా ఆగితే బలం పెట్టడు, మెల్లగా తిప్పుతాడు. బలం పెడితే పోగు మడత పడుతుంది, ఆ మడత దగ్గరే మళ్లీ తెగుతుంది.

చివర్న ఒక పరీక్ష. ఇంజన్ ఆన్ చేసి, పిడి ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పేవాడు. ఇంజన్ శబ్దం పెరిగిందంటే వైరు బిగుతుగా ఉన్నట్టు. సందు ఇచ్చి మళ్లీ బిగించాల్సిందే. అది చూసుకోకుండా బండి ఇస్తే, మలుపులో దానంతటదే ఉరుకుతుంది. ఇప్పుడు ఈ పరీక్ష చేసేవాళ్లు ఎంతమంది?

స్కూటరే కాదు, పాత స్పోర్ట్స్ కార్లదీ ఇదే గోల. 1962లో వచ్చిన ఎంజీబీలో కేబుల్ ఒక కొస డ్యాష్‌బోర్డు కింద యాక్సిలరేటర్ పెడల్‌కు తగిలించి ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే కాళ్లు సీటు మీదికి, తల పెడళ్ల దగ్గరికి పెట్టి వెల్లకిలా దూరాలి. కంటికన్నా వేలి కొసలే అక్కడ ఎక్కువ చూస్తాయి. ఆ వేళ్లు ఒక్క రోజులో రావు, ఉస్తాద్ పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తాయి.

ఆమధ్య నా పాత స్కూటర్‌తో ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. కుర్రాడు మూత కూడా విప్పలేదు. "అంకుల్, ఈ వైరు దొరకదు, బండి అమ్మేయండి" అన్నాడు. వైరు తెగలేదురా నాయనా, ఒక్క పోగు లేచింది, అందుకే పిడి బరువెక్కింది అని చెబితే వినిపించుకోలేదు. వైరు చెప్పకుండా తెగదు. ముందు పిడి గరుకవుతుంది, తర్వాత వదిలినా వెనక్కి రాదు. ఆ భాష తెలిసినవాళ్లు నడిరోడ్డున ఆగిపోయేవారు కాదు. ఒకవేళ తెగినా, ఐడ్లింగ్ స్క్రూ బిగించి ఇంజన్ వేగం పెంచుకుని, చిన్న గేరులో ఉస్తాద్ దాకా చేరేవాళ్లం.

2020లో చేతక్ పేరుతోనే కరెంటు బండి వచ్చింది. అందులో ఈ వైరే లేదు. పిడి తిప్పితే సెన్సర్ కబురు పంపుతుంది. మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ పాత బండ్లు ఇంకా లక్షణంగా నడుస్తుండగానే వాటి పని తెలిసిన చేతుల్ని రోడ్డు పక్క నుంచి తరిమేయడం మాత్రం తప్పే.

మీ ఇంట్లో పాత స్కూటర్ ఉంటే తుక్కు కింద అమ్మకండి. డిక్కీలో ఒక కొత్త వైరు పెట్టుకోండి. పని తెలిసిన పెద్ద మెకానిక్ ఒకరిని వెతికి పట్టుకోండి. ఆయన మూత విప్పేటప్పుడు మీ పిల్లల్ని పక్కన నిలబెట్టండి.