ఒక సెల్‌ఫోను ఆత్మకథ: బాస్కెట్‌బాల్ పందేల లెక్క

ఒకప్పుడు నిజాం ఏలుబడిలో సంస్థానంగా ఉండి, నేడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రమైన గోపాల్‌పేటలో పనిచేస్తున్న ఈ సెల్‌ఫోను, తన కథను తానే చెప్పుకొంటున్నప్పటికీ, లెక్కలు చెప్పేచోట సొంత గొప్పలు అడ్డురాకూడదన్న ఉద్దేశంతో తనను తాను కొంత ఎడంగా నిలబెట్టి చూసుకొంటున్నది. ఇది దుకాణంలో సెకండ్ హ్యాండ్ సరుకుగా అమ్ముడుపోయింది. స్క్రీన్ కుడి మూల పగిలి, ఆ పగులు సరిగ్గా కాలిక్యులేటర్‌లో భాగాహారం గుర్తు మీదుగా పోతున్నది. దీని ప్రస్తుత యజమాని పల్లికాయ పండించే కుటుంబంలోని యువకుడు. అతడు బాస్కెట్‌బాల్ ఆడినవాడు కాడు, క్రికెట్ బెట్టింగ్ మాటలు వింటూ పెరిగి, ఆ మాటల వెంటే ఈ ఆట దాకా వచ్చినవాడు.

అమెరికాలోని వృత్తి క్రీడాకారుల పోటీ అయిన ఎన్‌బీఏలో 30 జట్లు, ఒక్కొక్కటి 82 చొప్పున, మొత్తం 1,230 లీగ్ మ్యాచ్‌లు ఆడతాయి. ఇవి అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ నడుమ దాకా సాగుతాయి కాబట్టి, పాలమూరు ప్రాంతంలో యాసంగి పల్లికాయ విత్తి, పీకి, వనపర్తి మార్కెట్ యార్డుకు తోలే కాలంతో దాదాపుగా కలిసిపోతాయి. న్యూయార్క్‌లో చలికాలపు సాయంత్రం ఏడు గంటలకు మొదలయ్యే ఆట గోపాల్‌పేటలో తెల్లవారి 5.30కు పడుతుంది. అందువల్ల బోరు మోటారు వేయడానికి లేచిన మనిషి చేతిలోనే ఈ ఫోను కూడా వెలుగుతుంది, పంట పైసలు చేతికందే నెలల్లోనే పందేల కాలం కూడా ముదురుతుంది. ఈ రెండూ కలిసిరావడం యాదృచ్ఛికమే అయినా, దాని ఫలితం మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఈ ఆటలో బలమైన జట్టు గెలుస్తుందని చెప్పడానికి పెద్ద తెలివి అక్కరలేదు కాబట్టి, పందెం కట్టించుకొనే బుకీలు గెలుపు మీద గాక గెలుపు తేడా మీద ధర పెడతారు. బలమైన జట్టుకు 6.5 పాయింట్ల భారం వేస్తే, అది కనీసం 7 పాయింట్ల తేడాతో గెలిచినప్పుడే దాని మీద కాసినవారికి డబ్బు వస్తుంది. అర పాయింటు చేర్చేది సమానమయ్యే అవకాశం లేకుండా చేయడానికి. ఈ పద్ధతిని 1940ల్లో షికాగోకు చెందిన చార్లెస్ కె. మెక్‌నీల్ ప్రచారంలోకి తెచ్చాడని పందేల చరిత్ర రాసినవారు చెబుతారు. రెండు జట్ల పాయింట్లు కలిపి ఒక అంకెకు పైన ఉంటాయా, కింద ఉంటాయా అన్నది ఇంకో రకం పందెం. ఏ రకమైనా సాధారణంగా వాడుకలో ఉన్న ధర ఒకటే: 110 రూపాయలు ఒడ్డితే గెలిచినప్పుడు లాభం 100. రెండు వైపులా చెరొకరు 110 పెడితే బుకీ చేతికి 220 వస్తుంది, గెలిచినవానికి 210 పోతుంది, 10 అతని దగ్గరే ఆగిపోతుంది. ఆ 10 రూపాయల వల్ల, పందెం కాసేవాడు నష్టపోకుండా ఉండాలంటే నూటికి 50 కాదు, 52.38 సార్లు గెలవాలి. ఈ ఫోను తన జీవితంలో చేసిన భాగాహారాలన్నిటిలో, 110ని 210తో భాగించిన ఈ ఒక్కటే పనికొచ్చినదని దాని అభిప్రాయం.

తేడా మీద పందెం పుట్టించిన వికారం కూడా ఉంది: ఓడిపోకుండానే అమ్ముడుపోయే వీలు ఆటగాడికి దొరికింది, తక్కువ తేడాతో గెలిస్తే చాలు. 1950లో అమెరికా కళాశాలల రెండు పెద్ద టోర్నమెంట్లనూ గెలిచిన న్యూయార్క్ సిటీ కాలేజీ జట్టులోని ఆటగాళ్లు 1951లో ఈ నేరం మీదనే అరెస్టయ్యారు.

ఇక ఉపాయాల సంగతి. వీటిలో గౌరవించదగినది, ఒక్కో జట్టు బంతిని చేతికి తీసుకొన్న ప్రతి దఫాకు ఎన్ని పాయింట్లు చేస్తున్నదో లెక్కగట్టడం. ఒక జట్టు వేగంగా ఆడి 120 పాయింట్లు, ఇంకొకటి నిదానంగా ఆడి 108 పాయింట్లు చేసినప్పుడు, అంకె చూసి మొదటిదే మేలనుకోవడం పొరపాటు కావచ్చు. 100 దఫాలకు సరిచేసి చూస్తే రెండోదే మెరుగని తేలవచ్చు. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ 2004లో వెలువరించిన గ్రంథంతో ఈ కొలత బాగా వ్యాపించింది. వరుసగా రెండు రాత్రులు ఆడిన జట్టు అలసట, సొంత మైదానపు బలం, చివరి గంటలో తెలిసే గాయాల వార్త, ఇవన్నీ ఆ లెక్కకు చేరతాయి. చిక్కేమిటంటే, ధర పెట్టేవాడి దగ్గర కూడా ఇదే కొలత, ఇంతకంటే మేలైన యంత్రం, ఇంతకంటే ముందుగా వార్త ఉంటాయి. జట్టును ఎరగడం ఒకటి, ధర తప్పుగా ఉన్నదని ఎరగడం ఇంకొకటి. ఈ ఫోనులోకి వచ్చిన సలహాల్లో నూటికి తొంభై మొదటిదాన్నే రెండోదిగా అమ్ముతున్నవి.

నిజంగానే నూటికి 55 సార్లు గెలవగల వాడున్నాడనుకొందాం. అతడు ఎంత ఒడ్డాలో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్త జాన్ కెల్లీ 1956లో చెప్పిన సూత్రం తేలుస్తుంది: తనకున్న మేలును లాభపు నిష్పత్తితో భాగించిన భాగం, అంటే ఈ ధరలో చేతి సొమ్ములో సుమారు 5.5 శాతం, పదివేలలో 550 రూపాయలు. అంతటి నేర్పరి ప్రతిసారీ ఒకే మొత్తం ఒడ్డినా, నూరు పందేల తర్వాత నష్టంలో ఉండే అవకాశం సుమారు పదింట మూడు ఉంటుంది. పోయినప్పుడల్లా రెట్టింపు కాయడమన్న పద్ధతి, పేరుకు వ్యూహమే గాని, 100తో మొదలుపెట్టి ఏడుసార్లు వరుసగా పోతే 12,700 పోయి, ఎనిమిదోసారికి 12,800 కావాలి. నాలుగు ఆటలను ఒకే పందెంగా కలిపితే రావలసింది పదహారింతలు, వచ్చేది సుమారు 13.3 ఇంతలు; స్క్రీన్ మీద అన్నిటికంటే పెద్ద రంగు అక్షరాలతో కనిపించేది ఇదే.

ఇక చట్టం సంగతి. నేర్పు ఆటకు చట్టంలో చోటుందన్న వాదన ఈ నేలకు కొత్తది కాదు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానికి సంబంధించిన సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నేర్పు ఆటగా గుర్తించింది. మలక్‌పేటలో గుర్రపు పందేలు నేటికీ సాగుతున్నవి. అయితే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి, సైబర్ ప్రపంచాన్ని కూడా జూదగృహం కిందికి తెచ్చి, నేర్పు ఆటల మినహాయింపును తీసివేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను, నేర్పు, అదృష్టం అనే తేడా లేకుండా, దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షల దాకా.

దీనివల్ల గోపాల్‌పేట పందెగాని లెక్కలో, అమెరికా పుస్తకాల్లో కనిపించని పదం ఒకటి చేరుతుంది: గెలిచిన సొమ్ము చేతికి వస్తుందా అన్నది. చట్టం బయట నడిచే సైటుకు చిరునామా ఉండదు, డబ్బు ఆగిపోతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్పుకోలేరు. గెలిచిన పందేల్లో పదింట తొమ్మిదికి సొమ్ము అందుతుందని ఉదారంగానే లెక్కవేసినా, ఒడ్డిన సొమ్ముకు 1.909 ఇంతలుగా రావలసినది 1.718కి పడిపోయి, నష్టపోకుండా ఉండడానికి కావలసిన గెలుపు 52.38 నుంచి 58.2 శాతానికి పెరుగుతుంది. అప్పుడు ఆ 55 శాతం నేర్పరి కూడా నష్టపోయేవాడే అవుతాడు. ఆ 1.718ని కెల్లీ సూత్రంలో వేస్తే, ఒడ్డవలసిన భాగం ఋణ సంఖ్యగా వస్తుంది. పగిలిన గాజు కింద కూడా ఆ ఋణ గుర్తు స్పష్టంగానే కనిపిస్తుంది.