బ్రేకులకు పైసా ఖర్చు పెట్టకుండా కారు నడపడం ఎలా?

కారు కొన్న రోజే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించారు గదా, ఇక బ్రేకుల జోలికి పోనక్కర్లేదు. కల్లూరు నుంచి సత్తుపల్లి పోయే దారిలో లారీలు, గేదెలు, రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నలు తప్ప అడ్డమేముంది? ఆ గింజల మీదికి వచ్చాకే బ్రేకు గట్టిగా తొక్కండి. బండి గిర్రున తిరిగి ఇంటివైపు ముఖం పెట్టిందంటే ప్రయాణం ఖర్చు మిగిలినట్టే.

రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమని మెకానిక్ అంటాడు. వినకండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకోనివ్వండి. డాట్ 3 ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. నూనె నొక్కితే నలగదు కాబట్టే మీ కాలి బలం చక్రాల దాకా పోతుంది. బుడగ నలుగుతుంది, బలం అక్కడే ఆగుతుంది, పెడల్ మెత్తగా కిందికంటా దిగిపోతుంది. కాలికెంత హాయి! డబ్బాలో మట్టం తగ్గిందా? ప్యాడ్లు అరిగాయేమో, ఎక్కడైనా కారుతోందేమో అని వెతక్కండి. మిగిలిన ఇంజనాయిల్ పోసెయ్యండి. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైతే అది వాటి ఖర్మ.

భద్రాచలంలో రాములవారి దర్శనం అయ్యాక మారేడుమిల్లి చూద్దామంటారు పిల్లలు. చింతూరు దాటాక ఘాట్ రోడ్డు. మన తెలివి చూపించాల్సింది అక్కడే. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపెయ్యండి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి కార్లు ఇంధనం వాటంతటవే ఆపేస్తాయట. ఆపితే ఆపనీ, తాళంచెవి మన చేతిలో ఉండగా కారు తెలివి మనకెందుకు? ఇంజన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. జిమ్ ఫీజు మిగులు. రెండో గేరులో మెల్లగా దిగేవాళ్లు కనిపిస్తే హారన్ కొట్టి పక్కకు తోలండి. ఇంజన్‌తో బండిని ఆపుకునే పిరికివాళ్లు వాళ్లు! మనం కొండ పొడుగునా బ్రేకు మీదే కాలుంచాలి. కమురు వాసన వస్తే ఏసీ పెంచండి.

చక్రం దగ్గర కీచుమంటే ప్యాడ్ అరిగిందని చెప్పే రేకు డిస్కుకు రాసుకుంటోందన్నమాట. పాటల సౌండ్ పెంచండి. ప్యాడ్ల డబ్బు మిగిలితేనే గదా డిస్కులు మార్చగలం.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా తొక్కితే పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంటుంది. చక్రాలు బిగుసుకోకుండా, స్టీరింగ్ మాట వినేలా అది పనిచేస్తోందని మాన్యువల్ రాసినాయన అంటాడు. మీరు మాత్రం జడుసుకుని వెంటనే కాలు తీసెయ్యండి.

ఇవన్నీ పాటించేవాళ్లకు ఒక్కటే మనవి: బయల్దేరే ముందు ఏ రోడ్డున వస్తున్నారో కల్లూరు సెంటర్లో చెప్పండి. మేం ఇంకో రోడ్డున పోతాం.