ఏరియా లేస్తది!

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మా ఓనర్ సాబ్ నాకు మూడుసార్లు పంపాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న కుర్రాడొకడు మైకు పట్టుకుని, మూసీని వెనక పెట్టుకుని నిలబడి, ఏ పాత బస్తీ "లేస్తదో" ముందే కనిపెట్టే ఏడు గుర్తులు చెబుతాడు. నది పక్కనే ఉండాలి. మెట్రో నడక దూరంలో ఉండాలి. ఇళ్లు పాతబడాలి. రేటు పక్క ఏరియాలో సగముండాలి. ఇలా ఆరు చెప్పి, ఏడోది దగ్గర గొంతు తగ్గిస్తాడు: "జనం నెగోషియబుల్ అయ్యుండాలి, ఫ్రెండ్స్." అంటే బేరానికి లొంగే రకం అయ్యుండాలన్నమాట. ఆ ఏడో గుర్తు నేనే.

మర్నాడు పొద్దున్నే ఓనర్ సాబ్ ఫోను. "సార్, మన గోల్నాక లేస్తది. కిరాయి ముచ్చట కూసొని మాట్లాడుకుందాం." మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఎనిమిది నెలలుగా కారుతోంది. దాని ముచ్చటకు మాత్రం ఆయనకు ఇంతవరకు కూర్చునే తీరిక దొరకలేదు.

ఇలా పాత బస్తీలు "లేవడానికి" చదువుకున్నవాళ్ల పేరొకటుంది: జెంట్రిఫికేషన్. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త పెట్టిన పేరు. లండన్‌లో కూలీనాలీ జనం ఉండే వీధుల్లోకి కలిగినవాళ్లు వచ్చి చేరడం, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మూట సర్దుకోవడం చూసి ఆ మాట పుట్టించింది. దీనికి తెలుగు మాట ఏం పెట్టాలా అని పండితులు తల పట్టుకుంటున్నారట. అంత కష్టం ఎందుకండీ? దొరలు దిగడం. ఊళ్లో దొర దిగితే మంచి నేల ఎవరిదవుతుందో తెలంగాణలో ముసలివాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

సరే, లిస్టులోని మిగతా గుర్తుల్ని వదిలేస్తాను. గోడల మీద బొమ్మలేస్తారు, వెయ్యనీండి. ఇరానీ చాయ్‌ను మట్టి ముంతలో పోసి "హెరిటేజ్" అని నూట ఎనభై గుంజుతారు, గుంజనీండి. నా ఒళ్లు మండేది ఒక్క మాట దగ్గర: "రివర్ వ్యూ".

మా దగ్గర ఇన్నేళ్లూ మూసీ అంటే వాసన. ఎండాకాలం సాయంత్రం గాలి తిరిగితే వాకిట్లో కూర్చున్న ముసలివాళ్లు కూడా లోపలికొచ్చి కిటికీలు మూసేస్తారు. దోమతెర కట్టకుండా పడుకున్న రాత్రి నాకు గుర్తులేదు. ఏసీ చెడిపోతే మెకానిక్ మూత కూడా విప్పకుండా "మూసీ, సార్" అని రోగం చెప్పేస్తాడు. ఆ గాలికి రాగి గొట్టాలు నల్లబడి చిల్లులు పడతాయి. సంబంధం చూసుకోవడానికి ఎవరైనా వస్తుంటే అడ్రసు "అంబర్‌పేట్" అని చెప్పేవాళ్లం. నది పేరెత్తితే పిల్లవాడి ఉద్యోగం ఎంత పెద్దదైనా కాఫీ చల్లారిపోయేది.

ఇప్పుడు బ్రోషర్ చూడండి. అందులో మూసీ నీలంగా ఉంటుంది. నేను ఈ నదిని నల్లగా చూశాను, ఆకుపచ్చగా చూశాను, తెల్లటి నురగతో చూశాను. నీలంగా చూడలేదు. ఆ నీలంలో ఒక తెల్ల పడవ. పడవను చూస్తూ బాల్కనీలో ఒక జంట. వాళ్ల కాళ్ల దగ్గర మెడకు పట్టీ ఉన్న కుక్క. మా వీధి కుక్కలకు పట్టీ లేదు కాబట్టి బహుశా అవి ఆక్రమణదారులు.

వాస్తు కూడా మారిపోయింది. మా గోల్నాకకు మూసీ దక్షిణాన ఉంటుంది. దక్షిణం పల్లం, పైగా నీళ్లు, ఇల్లు కలిసిరాదని చెప్పి నా చిన్నప్పుడు ఒక సిద్ధాంతిగారు మా నాన్న కొనబోయిన ఇల్లు మాన్పించారు. అందుకే ఇవాళ్టికీ నేను కిరాయిదారుణ్ణి. ఇప్పుడు బిల్డరు వెంట తిరిగే సిద్ధాంతిగారు పారే నీటికి దోషం లేదంటున్నారు. ఆ శాస్త్రం అప్పుడేమైందో! చదరపు అడుగు రేటు పెరిగితే దిక్కుల దోషాలు వాటంతటవే తొలగిపోతాయని ఏ గ్రంథంలో ఉందో చూపిస్తే నేను కూడా పూజ చేయించుకుంటాను.

ఇంకొకటి. వ్యూకు ఎత్తు కావాలట. పన్నెండో అంతస్తు నుంచి చూస్తే మూసీ వ్యూ. రేకుల ఇంటి తలుపు తీసి చూస్తే అదే మూసీ ఆక్రమణ. నది అదే, గట్టు అదే. నలభై ఏళ్లుగా రోజూ ఆ వ్యూ చూస్తూ బతికినవాళ్లను దానికి ఒక్క పైసా అదనంగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు, ఇల్లే ఇమ్మని.

2024 సెప్టెంబరులో, మూసీ రివర్‌ఫ్రంట్ పనికి తీసేయాల్సిన ఇళ్లని గుర్తుగా, సర్కారు సిబ్బంది ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో "ఆర్‌బీ-ఎక్స్" అని రాసి వెళ్లారు. చదువు రాని ఆడవాళ్లు అదేమిటో బడికెళ్లే పిల్లల్ని అడిగి చదివించుకున్నారు. ఆ ఇళ్లకు కరెంటు మీటరు ఇచ్చిందెవరు? నల్లా బిల్లు వసూలు చేసిందెవరు? ఆ ఇంటి నంబరు వేసి ఓటరు కార్డు చేతిలో పెట్టి, అయిదేళ్లకోసారి ఆ గడపలోనే నిలబడి దండం పెట్టిందెవరు? అన్నీ తీసుకున్నాక, ఒకరోజు రంగు డబ్బా పట్టుకుని వచ్చి నువ్విక్కడ లేవు పొమ్మంటే సిగ్గుండాలి.

వరద ప్రమాదం అబద్ధమని నేననను. 1908 సెప్టెంబరు 28న ఈ నది వేలమందిని మింగింది. మొన్న 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తితే నీళ్లు ఏకంగా ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి. ప్రాణాలు కాపాడటానికి తీస్తున్నామంటే చేతులెత్తి మొక్కుతాను. కానీ రేకుల ఇంటిని ముంచే వరద రివర్ వ్యూ వాళ్ల కారు పార్కింగును చూసి పక్కకు తప్పుకుంటుందా? 1908 దెబ్బ తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఆ బోర్డు ఇరుకు వాడల్ని తీసేసింది, నిజమే. తీసేసి తక్కువ కిరాయికి ఇళ్లు కూడా కట్టింది. రాచరికంలో గుర్తొచ్చిన కిరాయిదారు ఏడుగుర్తుల కుర్రాడికి బేరం సరుకులా కనిపిస్తున్నాడు.

మూసీని ఎలా మార్చాలో చూడటానికి మన సర్కారు పెద్దలు 2024 జనవరిలో లండన్ వెళ్లి థేమ్స్ చూసొచ్చారు. అక్టోబరులో మంత్రులు, అధికారులు, పత్రికలవాళ్లు కలిసి సియోల్ వెళ్లి చోంగ్యేచోన్ కాలువ చూసొచ్చారు. దాని మీదున్న ఫ్లైఓవర్ కూల్చి, 2003లో పని మొదలుపెట్టి, 2005కల్లా 5.8 కిలోమీటర్ల కాలువ బాగుచేశారు. నీళ్లు తళతళలాడతాయి, అందమైనదే. మరి ఆ ఒడ్డున సామాన్లమ్ముకునే చిన్న వ్యాపారుల సంగతి? వాళ్లను తోంగ్దేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నాళ్లకు ఆ స్టేడియం కూడా కూల్చి అక్కడ జహా హదీద్ గీసిన వెండిరంగు డిజైన్ ప్లాజా కట్టారు. వ్యాపారులు మళ్లీ మూట కట్టారు. మనవాళ్లు కాలువతో ఫొటోలు దిగొచ్చారు. రెండోసారి మూట కట్టినవాళ్లను కలిశారో లేదో మాత్రం ఏ ఫొటోలోనూ లేదు.

ఇంకో తమాషా. సియోల్ కాలువలో నీళ్లు హాన్ నది నుంచి తోడి పోసేవి. అహ్మదాబాద్‌లో సబర్మతి రివర్‌ఫ్రంట్ దగ్గర నిండుగా కనిపించేది నర్మద నీళ్లు. మూసీకి గోదావరి నీళ్లు తెస్తామంటున్నారు. ఎక్కడైనా ఇదే పద్ధతి: బయటి నీళ్లను లోపలికి తెచ్చి, లోపలి మనుషుల్ని బయటికి పంపడం.

ఈ కథ మనవాళ్లకు కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం వదిలి బొంబాయి వెళ్లిన పద్మశాలీలు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేశారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ మిల్లులుండే లోయర్ పరేల్ బాగా "లేచింది". ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు ఫీనిక్స్ మాల్. పొగగొట్టం మాత్రం అందానికి ఉంచారు. ఆ గొట్టం కింద చెమటోడ్చినవాళ్ల మనవలు ఇప్పుడు ఆ మాల్‌లోకి వెళ్లాలంటే సెక్యూరిటీ గార్డు సంచి విప్పి చూస్తాడు. పొగగొట్టానికి హెరిటేజ్ ఉంది, పొగ మింగినవాడికి లేదు.

ఇక్కడా అంతే. పాతబస్తీ మెట్రోకు ఆస్తులు పోతున్న ఓనర్లకు గజానికి 81 వేల లెక్కన చెక్కులిచ్చారు. మంచిదే. అలా పోయే మల్గిలో ముప్పై ఏళ్లు కిరాయికి కుట్టుమిషను పెట్టుకున్న దర్జీకి గజం ఎంత?

కాబట్టి వీడియో కుర్రాడా, గోల్నాక లేస్తదా అంటే నా జవాబు కూడా లేస్తదనే. నువ్వు చెప్పిన ఏడు గుర్తులూ నిజమే. ఏరియా లేస్తది, మమ్మల్ని లేపేస్తది. రెండింటికీ ఒకటే క్రియ కదా అని రెండూ ఒకటేనంటే ఒప్పుకోను.

నాలాంటి కిరాయిదారులకు ఒక పనికొచ్చే మాట చెబుతాను. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, పట్టణంలో సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ నేల మీద కాపురముంటున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. సొంతదారు అయ్యుండాలని ఆ వాక్యంలో లేదు. చట్టానికి కావలసింది మూడేళ్లు. మన చేతిలో ఉన్నది పదకొండు నెలల అగ్రిమెంటు, అదీ చాలామందికి నోటిమాటే. ఓనర్లు రసీదు ఎందుకివ్వరో నాకిప్పుడు అర్థమైంది. గ్యాసు బుక్కు, కరెంటు బిల్లు, పిల్లల బడి కాగితం, ఆ చిరునామా ఉన్న చీటీ ఏదైనా సరే పారెయ్యకండి.

రాత్రి ఓనర్ సాబ్‌కు మెసేజీ పెట్టాను: "కిరాయి పెంచుకోండి సాబ్. నెలనెలా సంతకం పెట్టి రసీదు ఇవ్వండి, గడిచిన మూడేళ్లది కలిపి." రెండు నీలం టిక్కులు పడ్డాయి. మూసీ ఒడ్డున నేను చూసిన నీలం అదొక్కటే. జవాబు ఇంకా రాలేదు.

ఆ వీడియో మీకు పంపినవాళ్లకు లైకు కొట్టకండి. రసీదు అడగండి.